పన్నెండు ప్రశ్నలకు ఒకే గీత

తాండూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి జూన్ నుంచి ఇప్పటిదాకా మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది స్వయంగా చేతికిచ్చాను. రెండోది స్పీడ్ పోస్టులో పంపాను. మూడోది ఆసుపత్రి రిసెప్షన్ బల్ల మీద పెట్టి, అందినట్టు ఒక సంతకం చేయమని అడిగాను. అక్కడ కూర్చున్నామె నా ఉత్తరం మీద టీ గ్లాసు పెట్టి, "సార్ మీటింగ్ల ఉన్నడు" అంది. గ్లాసు తీసేదాకా అక్కడే నిలబడ్డాను. తీసింది. ఉత్తరం మీద గుండ్రటి మరక మిగిలింది. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు.

అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

నా పేరు నర్సింలు. వయసు యాభై ఏడు. తాండూరులో నాపరాయి బండలు పాలిషు చేసే కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాను. బండలు కొలవడం, మంచిదేదో చెడ్డదేదో చూసి వేరు చేయడం నా పని. బండకు కొలత ఒక్కటే చూస్తే సరిపోదు. పైకి నున్నగా, మూలలు సరిగ్గా ఉన్న బండలో కూడా లోపల వెంట్రుకంత నెర్ర ఉండొచ్చు. దాన్ని నిలబెట్టి, వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి వినాలి. మంచి బండ ఖంగుమంటుంది. నెర్ర ఉన్నది మూలుగుతుంది. తట్టి విన్న బండ అంచున సుద్దముక్కతో ఒక గీత పెడతాను. ఆ గీత ఉంటేనే బండ లారీ ఎక్కుతుంది.

నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి, నర్సింలు మళ్లీ మొదలుపెట్టాడని నవ్వుతారు. కరెంటు బిల్లు మీద రాశాను, రేషన్ బియ్యం మీద రాశాను, బస్టాండులో నీళ్లు రాని నల్లా మీద నాలుగుసార్లు రాశాను. నాకు మతిమరుపు లేదు. నన్ను ఎవరు ఎక్కడ ఏ మాట అన్నారో, అన్నప్పుడు పక్కన ఎవరు నవ్వారో కూడా చెప్పగలను. మా ఆవిడ అంజమ్మ దీన్ని రోగం అంటుంది. ఆ రోగమే నన్ను బతికించింది. ఆ సంగతి గర్వంగానే చెబుతున్నాను.

*ఫిబ్రవరి*

ఒక బండ ఎత్తుతుంటే కుడి గజ్జలో ఏదో జారినట్టయింది. వారానికి నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికి వచ్చేది. హెర్నియా అన్నారు. ప్రాణం మీదికి వచ్చిన జబ్బేమీ కాదు, తొందర లేదు, కానీ ఎప్పటికైనా ఆపరేషన్ తప్పదన్నారు.

మా బామ్మర్ది యాదగిరికి తాండూరులో ఎరువుల దుకాణం ఉంది. ఊళ్లో అందరూ తనకు తెలుసని అతని నమ్మకం. తనకు తెలిసిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి సర్జన్ నన్ను చూసింది రెండు నిమిషాలు. మాట్లాడింది యాదగిరితో. "రక్త పరీక్షలు చేయించండి. అన్నీ బాగుంటే శుక్రవారం చేసేద్దాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పరగడుపున ల్యాబు ముందు బెంచీ మీద కూర్చున్నాను. ఒకవైపు కన్నడం మాట్లాడుకుంటున్న ముసలి దంపతులు, ఇంకోవైపు దౌల్తాబాద్ నుంచి వచ్చిన ఒకామె. ఆమె ఒడిలో గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. వాసనకు నా కడుపు అరిచింది. ఆమెకు వినబడింది. "రక్తం ఇచ్చినంక తిందువు తియ్యన్నా, నీకు సగం పెడ్త" అంది. అన్నట్టే పెట్టింది. ఆమె పేరు అడగలేదు. నేను మర్చిపోనివి తిట్లు మాత్రమే కావు. ఆ సగం రొట్టె కూడా గుర్తుంది.

ల్యాబులో నాలుగు గొట్టాల రక్తం తీశారు. వేలి మీద చిన్నగా గుచ్చి, గడియారం చూస్తూ, కాగితంతో అద్దుతూ రక్తం ఎప్పుడు ఆగుతుందో లెక్కపెట్టారు. "మూడు నిమిషాలల్ల ఆగింది. మంచిగున్నది" అంది అక్కడ పనిచేసే ఆమె. కానీ మోచేతి దగ్గర సూది దించినచోట దూది తడిసిపోయింది. ఇంకో దూది పెట్టాను. అదీ తడిసింది. చొక్కా చెయ్యి పాడైంది, బెంచీ మీద రెండు చుక్కలు పడ్డాయి.

"గట్టిగ వత్తి పట్టుకోమన్న కద పెద్దమనిషీ! చిన్నపోరగానివా? చూడు, బెంచి కరాబ్ జేసినవ్" అంది.

ఆ మాటతో నా లోపల ఒక తలుపు తెరుచుకుంది. పద్దెనిమిదేళ్ల కిందట పన్ను పీకిన డాక్టరు అచ్చం ఇలాగే అన్నాడు. "ఫ్లోర్ మొత్తం కరాబ్ జేస్తున్నవ్, బయటికి పోయి ఉమ్ముకో." ఆయన గదిలో ఇంకో ఇద్దరు రోగులు నవ్వారు. ఆ నవ్వు గుర్తుంది కాబట్టే, ఆ తర్వాత రెండు రోజులపాటు నోట్లోంచి రక్తం ఆగకపోవడం కూడా గుర్తుంది. అంజమ్మ తువ్వాళ్లు మడిచి పెడుతూనే ఉంది. ఇంట్లో చివరికి తువ్వాలు మిగల్లేదు.

ఆ సంగతి ల్యాబులో ఆమెకు చెప్పాను. "డాక్టర్ సారుకు చెప్పుర్రి, నాకెందుకు" అంది.

సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. అన్నీ నార్మల్. యాదగిరి వాటిని ఫోన్‌లో ఫోటోలు తీసి మా ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాడు. "బావ ఫస్టు క్లాసుల పాసైండు" అని రాశాడు. అందరూ బొటనవేళ్లు, దండాలు పెట్టారు. పదో తరగతి తప్పినప్పుడు నన్ను అన్నవాళ్లే ఇప్పుడు నా రక్తానికి దండాలు పెట్టారు.

నేను సర్జన్‌కు చెప్పాను. ఆయన ఫోన్ మాట్లాడుతూ, చేత్తో రిపోర్టుల వైపు చూపించి, మళ్లీ ఫోన్‌లో పడిపోయాడు. నర్సుకు చెప్పాను.

"పన్ను సంగతి ఇప్పుడెందుకు అంకుల్? ఆపరేషన్ పన్నుకా?" అని ఆమె నవ్వింది. పక్కనున్న ఇంకో నర్సు కూడా నవ్వింది.

శుక్రవారం పొద్దున వెనక తాళ్లు కట్టే ఆకుపచ్చ గౌను తొడిగించి మంచం మీద కూర్చోబెట్టారు. అప్పటికి సూది గుచ్చిన చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా నేరేడుపండు రంగుకు తిరిగింది. చూపించాను. "సూదిపోటుకు గట్లనే అయితది" అన్నారు. సంతకం పెట్టమని కాగితాలు తెచ్చారు.

"ముందు మీరు రాయండి" అన్నాను. "పన్ను పీకినప్పుడు రెండు దినాలు రక్తం ఆగలేదని గీ కాగితం మీద రాయండి. డాక్టరుసాబు చదివి కింద సంతకం పెడితే, నేను పెడ్త."

మేనేజర్ వచ్చాడు. "రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినయ్. ఇంకేం రాయాలె? నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు. కోయించుకునేటోణ్ని."

యాదగిరి నా చెవి దగ్గరికి వంగాడు. "బావా, నా ఇజ్జత్ తియ్యకు. నీకు దండం పెడ్త, సంతకం పెట్టు."

నేను గౌను విప్పి, లుంగీ కట్టుకుని, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. ఒక మాట ఒప్పుకోవాలి. నాకు భయం లేకపోలేదు. కత్తి అంటే ఎవరికి ఇష్టం? మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాను. పౌరుషానికి వచ్చానా, భయానికి వచ్చానా అని ఆ రోజు అడిగితే నాకే తెలియదు. కానీ దిగాను.

నేను ఇల్లు చేరేలోపలే గ్రూపులో యాదగిరి రాసిన మాట చేరింది. "బావ కత్తిని జూసి ఉరికిండు."

*మార్చి*

ఆ నెలంతా ఇల్లు ఇల్లులా లేదు. అంజమ్మ అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు. పెట్టినా గోడకు చెప్పేది. "నా తమ్ముడు ఊళ్ల తల ఎత్తుకోలేక పోతున్నడు. గీ మనిషికి ఒక పన్ను మీద పగ తీరలె." నేనూ గోడకే జవాబు చెప్పేవాణ్ని. గజ్జలో ఉబ్బు పెరుగుతోంది. బెల్టు కట్టుకుని పనికి వెళ్లేవాణ్ని. బండలు ఎత్తడం మానేసి తట్టడం మాత్రం చేసేవాణ్ని. దగ్గు వస్తే చేత్తో అదిమి పట్టుకునేవాణ్ని. పేగు ఇరుక్కుంటే అప్పటికప్పుడు కోయాల్సి వస్తుందని, అప్పుడు ఎవరూ ఏమీ అడగరని నాకు తెలుసు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం పాత నోటుపుస్తకం తీసి కూర్చున్నాను. నా ఒంట్లోంచి రక్తం అవసరానికి మించి పోయిన ప్రతిసారీ రాద్దామనుకున్నాను. అనుకున్నంత కష్టం కాలేదు. ప్రతి రక్తానికీ ఒక తిట్టు తోడుంది. తిట్టును పట్టుకుంటే రక్తం దొరికింది. పెళ్లి ఊరేగింపులో ముక్కు నుంచి రక్తం కారి తెల్ల పంచె పాడైతే, అంజమ్మ పెదనాన్న "పిల్లగానికి ఏదో రోగం ఉన్నట్టున్నది, మనకు చెప్పలే" అన్నాడు. క్షవరం చేస్తుంటే చెవి దగ్గర కొంచెం తెగి పూట గడిచినా ఆగకపోతే, మంగలి సాయిలు "నీ తోలు మంచిగ లేదు, నా కత్తిది తప్పు గాదు" అన్నాడు. ముల్లు తీసిన ఆర్.ఎం.పి. డాక్టరు "ఆడపిల్లలెక్క చేస్తవేంది" అన్నాడు. ఇలా పదకొండు రాశాను.

అంజమ్మ వచ్చి భుజం మీదుగా చదివింది. నెలలో మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది.

"గిది రోగాల లిస్టా, పగల లిస్టా?"

"రెండూ ఒకటే."

ఆమె చాలాసేపు చదివింది. తువ్వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగింది. "గవి అన్నీ నేనే ఉతికిన" అంది. ఆ తర్వాత గోడతో మాట్లాడటం మానేసింది.

మా బిడ్డ స్వరూపను మర్పల్లిలో ఇచ్చాం. ఫోన్‌లో విషయం చెబితే, "నాయినా, ఇక్కడోళ్లు వికారాబాద్ పోతరు. అక్కడ ఆపరేషన్ ముందుగాల మత్తుడాక్టరమ్మ కూసోబెట్టి మాట్లాడుతదట. నేనొస్త, పోదాం" అంది. అప్పుడు తనకు మూడో నెల. మొదటి కాన్పు తర్వాత అది మంచం మీద నుంచి లేవడానికి మూడు నెలలు పట్టింది. రక్తం చాలా పోయిందన్నారు. అత్తగారు "మీ పిల్ల పుట్టుకతోనే బలం లేనిది" అంది. ఆ మాట నా దగ్గర భద్రంగా ఉంది.

రైలులో వికారాబాద్ వెళ్లాం, నేనూ అంజమ్మా. స్వరూప స్టేషన్ దగ్గర కలిసింది. ఆసుపత్రి వరండాలో రెండు గంటలు కూర్చున్నాం. ఫ్యాను తిరిగేది గానీ గాలి మా దాకా వచ్చేది కాదు. నోటుపుస్తకాన్ని సంచిలోంచి తీయడం, లోపల పెట్టడం. ఇక్కడ కూడా నవ్వితే ఏం చేయాలో ముందే అనుకున్నాను. మెట్లు ఎక్కడున్నాయో చూసి పెట్టుకున్నాను.

మత్తుడాక్టరమ్మకు ముప్పై అయిదేళ్లుంటాయి. నా తాండూరు రిపోర్టులు తీసుకుని ఒక్కొక్కటి చూసి పక్కన పెట్టింది. కొత్త పరీక్షలేవీ రాయలేదు. నాకు అదోలా అనిపించింది. పరీక్షలు రాయని డాక్టరు ఏం డాక్టరు? మా ఊళ్లో ఎంత పొడుగు చీటీ రాస్తే అంత పెద్ద డాక్టరు.

"పరీక్షలు రాయరా అమ్మా?" అన్నాను.

"ఇవి చేయించి ఎక్కువ రోజులు కాలేదు కదండీ. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ చిన్న ఆపరేషన్‌కి ఇందులో సగం అవసరమే లేదు. ముందు మీరు చెప్పండి. ఇంతకు ముందు ఎప్పుడైనా దెబ్బ తగిలితే గానీ, పన్ను పీకితే గానీ, రక్తం త్వరగా ఆగలేదా?"

నెలన్నరగా నేను ముగ్గురికి చెప్పబోయిన మాటను ఒక డాక్టరు తనంతట తానే నన్ను అడిగింది. నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాను.

ఆమె చదివింది. నవ్వలేదు. రెండో పేజీ తిప్పింది. మధ్యలో ఒకసారి పెదవి బిగించింది, అది మంగలి సాయిలు దగ్గర అయ్యుంటుంది. అది నవ్వు కిందికి రాదు, నేను వదిలేశాను.

"ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు."

"ఉన్నది" అంది అంజమ్మ. "పనికాడ ఈయన్ని ఏమని పిలుస్తరో చెప్పలే."

అది నేను కావాలనే రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఇరవై ఏళ్ల కిందట బండ అంచు కోసుకుని అరచెయ్యి తెగితే, కార్ఖానాలో లారీ నడిపే మహబూబ్ బీడీ కాగితం అంటించాడు. మా దగ్గర ఎవరికి తెగినా అదే మందు, నిమిషంలో ఆగుతుంది. నాకు ఆగలేదు. గుడ్డ కట్టాడు, గుడ్డ తడిసింది. "అరె భాయ్, నీ లోపల నల్లా ఉన్నదా ఏంది, బంద్ ఐతలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి కార్ఖానాలో నేను నల్లా నర్సింలును. బస్టాండు నల్లా మీద ఫిర్యాదు రాసినప్పుడు కూడా, "నల్లాయే నల్లా మీద రాస్తున్నడు" అని నవ్వారు.

అంజమ్మ అంతా చెప్పింది. డాక్టరమ్మ కలం తీసి నా నోటుపుస్తకంలో పన్నెండో అంకె వేసి, అది కూడా రాసింది.

"అందరికీ ఒకే మందు పనిచేసి మీ ఒక్కరికే పనిచేయలేదు. నాకు ఈ పేజీలన్నిటికంటే అదే ఎక్కువ చెబుతోంది" అంది.

"మరి రిపోర్టులు నార్మల్ వచ్చినయ్ కదమ్మా" అంది స్వరూప.

"రిపోర్టులు అబద్ధం చెప్పలేదు. ఆ పరీక్షలకు దొరకని లోపాలు కొన్ని ఉంటాయి. దొరకాలంటే వేరే పరీక్ష చేయాలి, అది ఎవరికి చేయాలో తెలియాలంటే మనిషిని అడగాలి. మీ నాన్నగారు చెబుతూనే ఉన్నారు కదా."

*ఏప్రిల్*

ఆ వేరే పరీక్ష హైదరాబాద్‌లో చేస్తారన్నారు. ఆమె అక్కడి డాక్టరుకు చీటీ రాసి ఇచ్చింది. వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాం. ఈసారి నేనే చేతిని పదిహేను నిమిషాలు అదిమి పట్టుకుని కూర్చున్నాను. అక్కడి నర్సు ఏమీ అనకుండా ఇంకో దూది ఇచ్చింది.

తర్వాత ఎదురుచూపు. పది రోజులకు పైనే పట్టింది. యాదగిరి ఇంటికి వచ్చి చాయ్ తాగి, "హైదరాబాద్‌ల కూడ నార్మలే వస్తది సూడు. అప్పుడు ఏ దేశం పోతవ్ బావా?" అన్నాడు. ఆ పది రోజుల్లో నాకు వచ్చిన ఆలోచన చెబితే మీరు నన్ను పిచ్చివాడు అనుకుంటారు. ఏదో ఒక రోగం బయటపడాలని కోరుకున్నాను. ఏమీ లేదని వస్తే, నేను కత్తిని చూసి ఉరికినవాణ్నే అవుతాను. రోగం ఉందని వస్తే, నేను చెప్పింది నిజమవుతుంది. మనిషి తనకు రోగం ఉండాలని మొక్కుకునే స్థితికి తెచ్చారు నన్ను. దానికి కూడా జవాబు కావాలి.

ఫోన్ పనివేళలో వచ్చింది. చేతిలో సుద్దముక్క ఉంది. డాక్టరమ్మే స్వయంగా చేసింది. రక్తం గడ్డకట్టేటప్పుడు జిగురులా పనిచేసే ఒక పదార్థం నాలో తక్కువగా ఉందట. పుట్టుకతోనే. మరీ ప్రమాదకరమైన రకం కాదు, మందు ఉంది, ఆపరేషన్‌కు ముందే ఇంజెక్షన్ ఇస్తే చాలు, భయపడొద్దు అంది.

"అమ్మా, తాండూరులో ఆ రోజు చేసుంటే నేను పోయేవాణ్నా?" అని అడిగాను.

"అలా చెప్పలేనండీ. ఏమీ కాకపోయినా కాకపోవచ్చు. కానీ కుట్లు వేశాక లోపల రక్తం కారుతూ ఉంటే, ఎందుకు కారుతోందో వాళ్లకు తెలిసేది కాదు. వెతుక్కునేవాళ్లు. అప్పుడు టైం మన చేతిలో ఉండదు."

ఫోన్ పెట్టాక నేను చేసిన మొదటి పని ఇంటివాళ్ల గ్రూపు తెరవడం. రిపోర్టు ఫోటో పెట్టాను. కింద ఒక్క మాట కూడా రాయలేదు. సాయంత్రం దాకా ఎవరూ ఏమీ రాయలేదు. బొటనవేళ్లు లేవు, దండాలు లేవు. ఆ నిశ్శబ్దం నాకు మస్తు హాయిగా అనిపించింది.

పొద్దుగూకే వేళ యాదగిరి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పడానికే చాలాసేపు పట్టించాడు.

"బావా, తప్పైంది."

"గ్రూపుల రాయి" అన్నాను.

రాశాడు. అంజమ్మ "ఇగ చాలు, మా తమ్ముణ్ని వదిలిపెట్టు" అంది. వదిలిపెట్టాను. కానీ ఆ మెసేజిని భద్రపరచుకున్నాను.

*మే*

ముందు హైదరాబాద్‌లో ఆ ఇంజెక్షన్ ఒకసారి ఇచ్చి, నా మీద పనిచేస్తుందో లేదో చూశారు. పనిచేసింది. వాళ్లు రాసిచ్చిన ప్రకారం వికారాబాద్‌లో ఆపరేషన్ పెట్టుకున్నాం.

ఆ పొద్దున మంచం మీద కూర్చుంటే ఇద్దరు నర్సులు వేర్వేరుగా వచ్చి అదే ప్రశ్న అడిగారు. రక్తం సంగతి చెప్పండి అని. ఇద్దరికీ మొదటి నుంచి చెప్పాను. మూడోసారి ఆపరేషన్ గది తలుపు దగ్గర సర్జన్ అడిగాడు. నాకు ఆనందం పట్టలేకపోయింది. "రాసుకున్నరు కద సారూ" అన్నాను. "రాసుకున్నాం. మీ నోటితో వినాలి" అన్నాడు. చెప్పాను. యాభై ఏడేళ్లలో నా మాటను ఒకే పొద్దున ముగ్గురు విన్న రోజు అదొక్కటే.

నడుము కింది భాగం మొద్దుబారేలా చేస్తారనుకున్నాను. నా రక్తం సంగతి తెలుసు కాబట్టి వెన్నులో సూది వద్దని, పూర్తి మత్తే ఇచ్చారు. అది కూడా నోటుపుస్తకం చలవే. మెలకువ వచ్చేసరికి అంజమ్మ నా పాదం పట్టుకుని ఉంది. కట్టు మీద మరక లేదు. పొడి. నేను మొదట అడిగింది అదే. "తువ్వాలు కావాల్నా?" అని అడిగాను. "ఒక్కటి గూడ తేలే" అంది అంజమ్మ, నవ్వుతూ ఏడుస్తూ.

మూడో రోజు మహబూబ్ వచ్చాడు. తాండూరు నుంచి ఫ్లాస్కులో చాయ్ తెచ్చాడు. వికారాబాద్‌లో చాయ్ దొరకదా అంటే, "హమారా చాయ్ అలగ్ హై భాయ్" అన్నాడు. స్టూలు మీద కూర్చుని, తల మీది టోపీ తీసి చేతిలో తిప్పాడు.

"నర్సింలు భాయ్, నాకు తెల్వదు. గది బీమారీ అని తెలుస్తే నేను గా పేరు పెడ్తనా? మాఫ్ చెయ్."

"ఇరవై ఏండ్లు పిలిచినవ్."

"పిలిచిన."

"మన కార్ఖాన మస్తాన్ పెండ్లిల గూడ పిలిచినవ్, అందరి ముంగట."

"పిలిచిన భాయ్. గంత యాదున్నదా నీకు?"

"నాకు యాదుండబట్టే బతికిన."

అతను చాయ్ పోసి ఇచ్చాడు. మాఫ్ చేశానని నేను చెప్పలేదు. కానీ చాయ్ తాగాను. మా మధ్య అది చాలు. అవసరమైతే రక్తం ఇవ్వడానికి తన పేరు రాయించాడని తర్వాత నర్సు చెప్పింది. ఆపరేషన్ రోజున పొద్దటి నుంచి కింద లారీలోనే కూర్చున్నాడట. పైకి రావడానికి మొహం చెల్లలేదట.

*ఇప్పుడు*

ఈ లోపం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. స్వరూపకు పరీక్ష చేయించాం. ఉంది. మొదటి కాన్పులో దానికి బలం లేక కాదు రక్తం పోయింది. ఈ రోజుల్లోనే రెండో కాన్పు. ఎక్కడ, ఎలా అని అంతా ముందే రాసిపెట్టారు. దాని పర్సులో ఒక కార్డు ఉంది. అత్తగారు వికారాబాద్‌కు తోడు వచ్చి, డాక్టరమ్మ చెప్పేది దగ్గర కూర్చుని విన్నది. బయటికి వచ్చాక "నాకేం ఎరుక వదినా" అని అంజమ్మతో అంది. అంజమ్మ ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను, బిడ్డ కోసం.

ఇక తాండూరు ఆసుపత్రి సంగతి.

జూన్‌లో వెళ్లి నా కాగితాలు ఇవ్వమన్నాను. ఎందుకన్నారు. నావి కాబట్టి అన్నాను. ఆరుసార్లు తిప్పించి, ఏడోసారి జిరాక్సు ఇచ్చారు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. స్వరూప చదివి చెప్పింది. రిపోర్టుల తర్వాత మూడో పేజీలో, ఆపరేషన్‌కు ముందు రోగిని అడగాల్సిన ప్రశ్నలు అచ్చు వేసి ఉన్నాయి. పన్నెండు. బీపీ ఉందా, షుగరు ఉందా, ఆయాసం ఉందా, ఏ మందైనా పడదా... ఒక్కొక్కటీ చదువుతూ ఏడో ప్రశ్న దగ్గర బిడ్డ ఆగిపోయింది.

"నాయినా, గిదే. 'ఇంతకు ముందు ఎప్పుడైనా రక్తం ఎక్కువగా పోయిందా, ఆగకుండా కారిందా?' అని ఉన్నది."

"జవాబు?"

"లేదు అని ఉన్నది."

కాగితం లాక్కుని చూశాను. ప్రతి ప్రశ్న పక్కనా రెండు గడులు, ఉంది, లేదు. 'లేదు' గడుల మీదుగా పై నుంచి కిందికి, పన్నెండింటికీ కలిపి కలంతో ఒకే గీత. చెయ్యి ఎత్తకుండా గీసింది. కింద 'రోగిని అడిగి నింపినది' అన్నచోట ఏదో వంకర సంతకం.

అంటే ప్రశ్న తెలియక కాదు. ప్రశ్న వాళ్ల దగ్గర అచ్చయి ఉంది. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాక ఇంకా అడిగేదేముందని ఎవరో ఆ గీత గీశారు. ఆ గీత నాకు కొత్త కాదు. మా కార్ఖానాలో లారీ తొందర పెడుతున్నప్పుడు, దొంతిలో పై బండను మాత్రం తట్టి, మొత్తం దొంతి అంచున సుద్దముక్కతో పై నుంచి కిందికి ఒకే గీత లాగేవాళ్లు ఉంటారు. నేను కూడా ఒకసారి లాగాను. దాచను. చాలా ఏళ్ల కిందటి మాట. ఆ దొంతి నవాబుపేటలో ఒకాయన ఇంటికి వెళ్లింది. పరిచిన నెలకు నాలుగు బండలు నడిమికి విరిగాయి. ఆయన కార్ఖానాకు వచ్చి, అందరి ముందు నిలబడి అడిగాడు. "గీ గీత ఎవరు పెట్టిండ్రు?"

నేను ముందుకు వెళ్లి "నేనే" అన్నాను. తిట్టాడు. పడ్డాను. ఆ తిట్టు కూడా నా దగ్గర భద్రంగా ఉంది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా తట్టకుండా ఒక్క గీత పెట్టలేదు. విరిగింది బండ అయితేనే నేను అంత చేశాను.

ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. రిపోర్టులు నార్మల్ వచ్చాయని నోరు మూసుకోకండి. మీ ఒంటికి ఇంతకు ముందు ఏమైందో మీకే తెలుసు. అడగకపోయినా చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి, ఎవరు నవ్వారో గుర్తుపెట్టుకోండి. సంతకానికి ముందు, మీ పేరున ఏం రాశారో చదివించుకోండి.

ఇక తాండూరు ఆసుపత్రివాళ్లారా, మీకు. మూడు ఉత్తరాల్లో నేను అడిగింది పరిహారం కాదు. ఎవరి ఉద్యోగమూ తీయమనలేదు. నా కాగితంలో మూడో పేజీ, ఏడో ప్రశ్న. నేను మీ ముగ్గురికి చెప్పాను. గౌను తొడుక్కుని, నల్లబడిన చెయ్యి చూపించి మరీ చెప్పాను. అయినా నా తరఫున ఎవరో 'లేదు' అన్నారు. ఆ గీత ఎవరు పెట్టారు? టీ గ్లాసు పక్కకు తీసి, ఒక్కరు ముందుకు వచ్చి "నేనే" అనండి.